నాలుగు కొబ్బరికాయల బండి

ఇప్పుడు పాత బండి అమ్మాలంటే మీకు ఎంత సుఖం! నాలుగు ఫొటోలు తీసి ఫోన్లో పెడతారు, పొద్దుగూకేలోపు పది మంది పలుకుతారు. బేరం కూడా బొటనవేలితోనే అయిపోతుంది. మాకూ బేరం వేళ్లతోనే జరిగేది, కాకపోతే పైన తువ్వాల ఉండేది.

మా నాయన పశువుల సంతలో దళారి. ఎద్దుల ధర నలుగురిలో నోటితో చెప్పకూడదని, భుజం మీది తువ్వాలను చేతుల మీద కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని ధర చెప్పుకునేవారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. పక్కనున్నవాడికి తువ్వాల కదలడం తప్ప ఏమీ తెలియదు. నేను ఎద్దుల్ని వదిలి బండ్లకు వచ్చానుగానీ తువ్వాలను వదల్లేదు. సూర్యాపేటలో పాత బండ్లు అమ్మిపెట్టడమే ముప్పై ఏళ్లు నా బతుకు. మోకాళ్లు మొరాయించాక మానేశాను.

మానేసినా కుర్రాళ్లు ఇంటికి వస్తూనే ఉంటారు. "పెద్దనాయినా, బాగా తిరిగిన పికప్ ఉంది, న్యాయంగ ఎంత రావచ్చు?" అని అడుగుతారు. నాకు తోచింది చెబుతాను. కానీ న్యాయమైన ధర అనే మాట వినబడగానే నాకు ఒకే ఒక్క బండి గుర్తొచ్చి మనసు పాడవుతుంది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ మొదటి నుంచి చివరిదాకా చెప్పలేదు. మీరు ఈ పనిలోకి వచ్చేవాళ్లు కాబట్టి చెబుతున్నాను.

ముందు మీటరు సంగతి తెలియాలి. మా పనిలో ఒక ఆచారం ఉంది, చెప్పుకోదగ్గదేం కాదు. బండి అమ్మకానికి వచ్చిందంటే మీటరు తిప్పించడం. ఒకప్పుడు డాష్‌బోర్డు విప్పి అంకెల చక్రాలను వెనక్కి తిప్పేవారు. ఇప్పుడు ఒక వైరు తగిలించి ల్యాప్‌టాప్‌లో కావలసిన అంకె కొడతారు. మనం టీ తాగి వచ్చేలోపు మూడు లక్షల కిలోమీటర్ల బండి లక్షన్నరకు దిగుతుంది, ముసలాయన జుట్టుకు రంగు వేసుకున్నట్టు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు కదా. కొనేవాడు మీటరులో ఎంత కనిపిస్తే దానికి రెట్టింపు వేసుకుంటాడు. అమ్మేవాడు సగం చేస్తాడు, కొనేవాడు రెట్టింపు చేస్తాడు, ధర ఎక్కడ ఆగాలో అక్కడే వచ్చి ఆగుతుంది. అందరూ అబద్ధమాడే చోట అబద్ధంతో ఎవరికీ నష్టం లేదు. అక్కడ నిజం చెప్పేవాడు వస్తేనే చిక్కు. అలాంటివాడు నాకు ఒక్కడే తగిలాడు.

అతనిది మునగాల పక్క ఊరు, గొర్రెలు కాచే ఇల్లు. తమ్ముడు ఇప్పటికీ గొర్రెల వెంటే ఉన్నాడు. ఇతను మాత్రం వయసులో ఉండగా తన వంతు మందను అమ్మేసి పికప్ కొన్నాడు. మార్కెట్టుకు కూరగాయలు, మిల్లులకు వడ్ల బస్తాలు, సంతకు గొర్రెలు, ఏ కిరాయి దొరికితే అది తోలేవాడు. స్టీరింగ్ ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. బండికి లక్ష కిలోమీటర్లు నిండిన ప్రతిసారీ హైవే పక్కన ఒకే దాబా ముందు ఆపి, ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టి, అక్కడున్న వాళ్లందరికీ ముక్కలు పంచేవాడు. నాలుగో కాయ కొట్టిన రోజు నేను అక్కడే టీ తాగుతున్నాను.

"పట్టు అన్నా, నాలుగు లచ్చల కాయ. గిసొంటిది మళ్ల దొరకదు" అని నా చేతిలో ముక్క పెట్టాడు. కూతురి పెళ్లి చేసినవాడికి ఉన్నంత సంబరం ఉంది ఆ ముఖంలో.

ఏడాది తిరక్కుండానే అతని కళ్లు దెబ్బతిన్నాయి. షుగరు కళ్లలోకి దిగిందని, చీకటి పడ్డాక బండి ముట్టుకోవద్దని దవాఖానలో చెప్పారట. రాత్రి కిరాయిలు లేకపోతే పికప్ గిట్టుబాటు కాదు. నా దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బండి తీసేస్త అన్నా. నలభై గొర్లొచ్చేటట్టు సూడు."

"గొర్ల లెక్కేందిరా, పైసల్ల చెప్పరాదు?"

"పైసలు ఇయ్యాలొకటుంటయ్, రేపొకటుంటయ్. నలభై ఉంటే మంద. దాని మీద ఇల్లు నడుస్తది. తక్కువైతే మా తమ్ముని దాంట్ల కలిపి మేపాలె. ఆడు రమ్మంటె రావాలె, పొమ్మంటె పోవాలె, జీతగాని లెక్క."

తుంగతుర్తి దిక్కున ఒకాయన మంద అమ్ముతున్నాడని, వానలు పడేలోపు తోలుకొచ్చుకోవాలని కూడా చెప్పాడు. బండి చుట్టూ తిరిగి చూశాను. పొగ లేదు, అడుగున తుప్పు లేదు, గేర్లు మెత్తగా పడుతున్నాయి. డ్రైవరు సీటు ఒక్కటే అతని ఒంటి అచ్చు పడి గుంటలా ఉంది. నలభై గొర్రెల ధర అత్యాశ కాదు. ఆ బండికి అది న్యాయమైన ధరే.

అలవాటు కొద్దీ అడిగాను, "మీటర్ తిప్పిద్దామా?" అని.

అతనికి కోపం రాలేదు. ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "తిప్పితే నేను తిరిగిన తొవ్వంత ఎటువోతదే అన్నా?"

తిరిగిన దారంతా ఎటు పోతుందన్న ఆ మాట నాకు నచ్చింది. సరే, ఉన్నదున్నట్టు చెప్పే అమ్ముదాం అనుకున్నాను.

సూర్యాపేటలో వచ్చినవాడల్లా బండి చూసి తలూపేవాడు, మీటరు చూసి తల పట్టుకునేవాడు. "నాలుగు లచ్చలా? అంటే ఎనిమిది!" అనేవాడు. ముట్టుకోని మీటరు అని ఒట్టు వేశాను. "నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్నాడొకాయన. ముప్పై ఏళ్లుగా నేను అమ్మిన బండ్ల మీటర్లన్నీ ఆ రోజు నాకు ఎదురు సాక్ష్యం చెప్పాయి. తువ్వాల కింద చెయ్యి పెట్టేదాకా కూడా ఎవరూ రాలేదు. ఆకాశం మబ్బు పట్టడం మొదలైంది.

అప్పుడు కోదాడలోని నా జోడీకి ఫోన్ చేశాను. అతనూ బ్రోకరే. సూర్యాపేట వైపు అమ్మేవాళ్లను నేను చూసుకుంటే, కొనేవాళ్లను అతను పట్టుకొచ్చేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. ఇంటికి వచ్చినవాడిని అన్నం పెట్టకుండా పంపడు. ఎదుటి మనిషి కష్టం చూడలేడు, ఎదుటి మనిషి కష్టం తీరుతుందంటే అబద్ధానికి వెనుకాడడు. మంచితనమూ మాయా ఒకే చేత్తో చేసేవాడు.

"ఇటు తీసుకురా బావా. చిలుకూరులో ఒక కుర్రాడున్నాడు, బత్తాయి తోట ఉంది, పికప్ కోసం నా ప్రాణం తీస్తున్నాడు" అన్నాడు.

మధ్యాహ్నం మునగాలాయనా నేనూ బండి తీసుకొని కోదాడ వెళ్లాం. అతను దారి పొడవునా మెల్లగా నడిపాడు. కుర్రాడు మర్నాడు పొద్దున వస్తాడన్నారు. నా జోడీ మా ఇద్దరికీ అన్నం పెట్టించి, నలభై గొర్రెల కథంతా విని, అయ్యో అయ్యో అన్నాడు. "మీరేం దిగులు పెట్టుకోకండి. మంద మీ ఇంటికి వచ్చే పూచీ నాది" అని అతని చెయ్యి పట్టుకున్నాడు. తాళం చెవి అక్కడే ఇచ్చేసి చీకటి పడకముందే బస్సెక్కాం.

మర్నాడు నేనే ముందు చేరాను. నేను వెళ్లేసరికే చిలుకూరు కుర్రాడు బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. హుషారుగా దిగాడు. తువ్వాల కప్పాను. ఎంత బిగదీస్తాడో అనుకున్నాను, నాలుగు మాటలు కూడా పట్టలేదు. నలభై గొర్రెలు వచ్చి, పైన ఇంకో రెండు వచ్చేంత ధరకు అతని వేళ్లు ఒప్పేసుకున్నాయి. అంత తేలిగ్గా బేరం కుదిరితే మామూలుగా నాకు గుబులు పుడుతుంది. ఆ రోజు పుట్టలేదు. నిజం కూడా అమ్ముడుపోతుందన్నమాట అని లోలోపల పొంగిపోయాను. ఎంత పిచ్చివాణ్ణి!

అప్పుడే అతను మునగాల బస్సు దిగి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. బేరం ఖాయమైందని చెబితే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బండి అప్పగించేముందు అమ్మేవాడు చివరిసారి సీట్లో కూర్చొని, ఇంజన్ స్టార్ట్ చేసి, స్టీరింగుకు మొక్కి దిగుతాడు. అతను ఎక్కి కూర్చున్నాడు. ఇంజన్ మోగింది. కొంచెంసేపటికి ఆగిపోయింది. అతను మొక్కకుండానే దిగాడు.

"అన్నా, గిది ఎవల బండి?"

"అదేం మాటరా, నీదే."

"నాది గాదు. నాది నాలుగు లచ్చల పన్నెండు వేలు దాటింది. గిది లచ్చా అరవై వేలే తిరిగింది."

నేను నా జోడీ వైపు చూశాను. అతను నవ్వు ముఖంతోనే, "లోపలికి రండి, కాస్త మాట్లాడుకుందాం" అంటున్నాడు. మా మునగాలాయన లోపలికి పోలేదు. నేరుగా కుర్రాడి దగ్గరికి నడిచాడు.

"తమ్మీ, మీటర్ తిప్పిండ్రు. నాకు ఎరుక లేకుంట తిప్పిండ్రు. బండి మంచిదే, నాలుగు లచ్చలు తిరిగింది. సూస్కోని తీస్కో."

కుర్రాడి ముఖం మాడిపోయింది. "ముగ్గురూ కలిసి నాటకం ఆడుతున్నారా? ఒప్పుకున్నదే నాలుగైతే ఒప్పుకోనిది ఎంతుందో!" అని మోటారు సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. పిలిచినా వెనక్కి చూడలేదు. అతణ్ణి తప్పు పట్టలేను, అతని స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

"నా కోసం చేశానా బావా?" అన్నాడు నా జోడీ. "ఆయన మంద కోసమే కదా. ఊళ్లో అందరూ చేసేదే. నీకు చెబితే నువ్వు ఆయనకు చెబుతావని చెప్పలేదు."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నా ఒళ్లు మండించింది.

"నా అంకె నాకు పెట్టియ్యుండ్రి" అన్నాడతను. అంతే, ఇంకో మాట లేదు. రాత్రి తిప్పినతన్నే పిలిపించారు. వచ్చి వైరు తగిలించి, హోటల్లో టిఫినేం కావాలని అడిగినంత మామూలుగా, "ఎంత కొట్టమంటారు?" అని అడిగాడు. మునగాలాయన చివరి అంకెతో సహా చెప్పాడు. కొట్టాడు. మీటరులో పాత అంకె వెలిగింది. అతను కిటికీలోంచి తల పెట్టి చాలాసేపు దాన్ని చూశాడు.

"అదే కదా?" అన్నాను.

"అంకె గదే అన్నా. గని ముందుగాల బండి తిరిగి తెచ్చుకున్నది. గిప్పుడు గాయిన కొట్టిండు."

నేను నా జోడీ మీద విరుచుకుపడ్డాను. "నీ చేతికిస్తె యముని చిట్టా సుత తిప్పుతవ్" అన్నాను. మామూలుగా అయితే ఆ మాటకు పడి పడి నవ్వేవాడు. ఆ రోజు నవ్వబోయి మానేశాడు. అన్నం తిని వెళ్లమని ఎప్పటిలాగే అన్నాడు. మేం తినలేదు.

కోదాడలో మాట పొక్కిపోయింది, సూర్యాపేటలో ముందే పోయింది. మిగిలింది మిర్యాలగూడ. అక్కడ మిల్లుల్లో తవుడు కొని పశువులున్న ఇళ్లకు అమ్మే ఒకావిడ పికప్ కోసం వెతుకుతోందని తెలిసి తీసుకెళ్లాం. ఆవిడ చీర కొంగు నడుముకు దోపుకొని బండి కిందికి వంగి మరీ చూసింది. నేను అలవాటుగా తువ్వాల తీస్తే నవ్వింది. "మడిచి పెట్టు పెద్దాయనా, ధర చెప్పనీకి నాకు నోరుంది" అంది. తర్వాత మీటరు చూసి అడిగింది.

"ముట్టుకున్నరా?"

లేదనబోయాను. అంకె నిజమైనదే కదా, లేదంటే పాపం ఏముంది అనుకున్నాను. నా నోరు తెరుచుకునేలోపే అతను అన్నాడు.

"ముట్టుకున్నరమ్మా. రెండుసార్లు."

"రెండుసార్లెందుకు?"

"ఒకసారి దించిండ్రు, ఒకసారి ఎక్కిచ్చిండ్రు."

ఆవిడ ముందు పకపకా నవ్వింది. దించినోళ్లనే చూశానుగానీ ఎక్కించినోళ్లను ఎక్కడా చూడలేదంది. తర్వాత అతను కోదాడలో జరిగిందీ, నాలుగు కొబ్బరికాయల సంగతీ, గొర్రెల సంగతీ చెబుతుంటే బస్తా మీద కూర్చొని మొత్తం విన్నది.

"నేను నమ్ముత అన్నా. నిన్ను సూస్తె అబద్ధమాడెటోనిలెక్క లేవు. గని రేపు నేను అమ్మెటప్పుడు నా మాట ఎవలు నమ్మాలె? ముట్టని మీటర్‌కు ఒక ధర, ముట్టిన దానికి ఒక ధర" అంది.

ఆవిడ అన్యాయం మాట్లాడలేదు. నేను గంటసేపు వాదించాను, మా నాయన ఎద్దులకు వాడిన మాటలన్నీ వాడాను. కొంచెం పెంచింది, అక్కడ ఆగింది. అతను నా వైపు చూసి సరేనన్నట్టు తలూపాడు. ఈసారి సీట్లో కూర్చొని స్టీరింగుకు మొక్కాడు. దిగి, సీటు గుంటలో పడిన దుమ్మును అరచేత్తో తుడిచి తలుపు వేశాడు. తిరుగు బస్సులో సూర్యాపేట వచ్చేదాకా ఒక్క మాటే అన్నాడు.

"ఇరవై ఎనిమిదొస్తయ్ అన్నా."

అతను ఇవ్వబోయిన కమీషను నేను తీసుకోలేదు. అయినా నాకు తేలికనిపించలేదు.

ఇరవై ఎనిమిదే కొన్నాడు. తమ్ముడి మందలో కలిపాడు. ఈ సంగతి కోదాడ చేరింది. ఒకరోజు నా జోడీ తన డబ్బుతో నాలుగు గొర్రెలు కొని, ఆటోలో ఎక్కించుకొని, హైవే మీద మునగాల దాకా వచ్చాడట. సీటు మీద అతను, కాళ్ల దగ్గర రెండు, వెనక రెండు. దాబా దగ్గరున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. మా మునగాలాయన ఆ గొర్రెలకు నీళ్లు పెట్టాడు, ఆకు వేశాడు, నా జోడీకి టీ ఇప్పించాడు. ఆ తర్వాత నాలుగింటినీ మళ్లీ అదే ఆటోలో ఎక్కించాడు. "ఇవి నా గొర్లు గావు సారూ" అన్నాడట. నా జోడీ వాటితో అలాగే వెనక్కి వెళ్లాడు.

నాకు ఇది తెలిసినా నేను అతనికి ఫోన్ చేయలేదు. అతను చేస్తే ఎత్తలేదు. పండక్కి ఎవరితోనో కారప్పూస పంపితే పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. ఇరవై ఏళ్లు కలిసి పనిచేసిన మనిషి. మోకాళ్ల వంకతో పని మానేశాక ఫోన్లు కూడా ఆగిపోయాయి.

రెండేళ్లకు మిర్యాలగూడ ఆవిడ నాకు ఫోన్ చేసింది. "పెద్దాయనా, నీ బండి దూది లెక్క నడుస్తున్నది. ఇంకో పికప్ కూడా ఉంది నాకు, దాన్ని సూస్తె తెలుస్తది. ఎనిమిది లచ్చలు తిరిగిన ఇంజన్ గిట్ల ఉండదు. ఆయన చెప్పింది నిజమే. ఎల్లుండికి ఐదు లచ్చలు నిండుతయ్, ఆయన్ను తోల్కరా, కాయ గొట్టిద్దాం" అంది. సంతోషం వేసింది. అంతలోనే, ఈ నమ్మకం రెండేళ్ల కింద రాకపోయెనే అనిపించింది.

మునగాల వెళ్లి చెప్పాను. అతను చెరువు కట్ట మీద గొర్రెలు మేపుతున్నాడు. మొదటి వానాకాలంలోనే రోగం తగిలి కొన్ని పోయాయట. పుట్టిన పిల్లలను ఇల్లు గడవడానికి అమ్ముకుంటున్నాడు. నా మాట విని కాసేపు నవ్వాడు.

"నేనొస్తే వీటినెవలు సూస్తరే? మా తమ్ముడు ఊరికి వోయిండు, నన్ను కదలొద్దన్నడు. నువ్వే కొట్టు అన్నా. నాకు ముక్క తే."

ఆ బండి చక్రం ముందు ఐదో కాయ నేను కొట్టాను. చక్కగా రెండు చెక్కలై పగిలింది. అతనికి ఒక చెక్క తెచ్చి ఇచ్చాను. అతను దాన్ని రాయి మీద కొట్టి రెండు చేసి, ఒకటి నోట్లో వేసుకొని, ఒకటి నా చేతిలో పెట్టాడు.

"గిది కోదాడ సారుకియ్యి. నా మంచికే జేసిండు పాపం. గొర్లు వాపస్ పంపితి, మనసు నొచ్చి ఉంటది."

ముక్కను తువ్వాలలో మూట కట్టుకొని ఇంటికి వచ్చి మేకుకు తగిలించాను. కోదాడ బస్సు మా వీధి చివరే ఆగుతుంది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఎక్కలేదు. నష్టపోయినవాడు ఎప్పుడో మరిచిపోయాడు. ఏమీ పోగొట్టుకోని నేను మొండికేసి కూర్చున్నాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి మా ఆవిడ ఉతకడానికి తువ్వాల దులిపితే ముక్క కింద పడింది. "ఇదేందయ్యా, తువ్వాలల్ల కుడుక దాస్తున్నవ్?" అంది. నిజంగానే ఆ కొబ్బరి ముక్క ఎండి గట్టి కుడుక అయిపోయింది. ఆ రోజే బస్సెక్కాను.

నా జోడీ చిక్కిపోయాడు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, ఇంట్లోకి చూసి "బావ వచ్చాడు, బియ్యం పొయ్యండి" అని కేకేశాడు. ముక్క చేతిలో పెట్టి, ఎవరిచ్చారో, ఏమన్నాడో చెప్పాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎప్పటిది బావా ఇది?"

"మొన్నటిదే."

"మొన్నటిదైతే కుడుకెట్టా అయింది? నువ్వు కూడా మీటర్ తిప్పుతున్నావే!"

ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక అతను ముక్కను నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"మంద అయిందా బావా ఆయనకి?"

"కాలే" అన్నాను.

తల వంచుకొని ముక్క నోట్లో వేసుకున్నాడు. ఎండిన కుడుక, నమలడానికి చాలాసేపు పట్టింది. లోపల అన్నం ఉడికాక ఇద్దరం పక్కపక్కన కూర్చొని తిన్నాం.